పేచు – పేచీ

దసరాకు నిజామాబాదు వెళ్ళినప్పుడు మా అమ్మాయి తన వీడియో గేము యంత్రాన్ని కూడా వెంట తెచ్చుకుంది. చేతిలో పట్టుకుని ఆడుకునే రకం. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఎడమ బొటనవేలి కింద ఉండే చిన్న జాయ్‌స్టిక్కును ఎవరూ ముట్టుకోకపోయినా తెర మీది బొమ్మ తనంతట తానే ఎడమ పక్కకు నడిచిపోతోంది. కొండ అంచున నిలబెడితే లోయలో పడిపోతోంది. దీనిని డ్రిఫ్ట్ అంటారని నాకు చెప్పి, ఆ పదకొండేళ్ళ పిల్ల తీర్పు కూడా తానే చెప్పేసింది.

“ఇది పోయింది నాన్నా. కొత్తది కొనాలి.”

“పోయింది” అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మన భాషలో మనిషికి జబ్బు చేస్తే ఒంట్లో బాగాలేదంటాము. వైద్యుడు బాగుచేస్తాడు. గడియారం ఆగిపోయినా అదే మాట, బాగుచేయించాలంటాము. మనిషికీ వస్తువుకూ ఒకే క్రియాపదం వాడిన జాతి మనది. మరమ్మతు అన్న మాట అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది కానీ, బాగుచేయడమన్నది అంతకు ముందు నుంచీ మన ఇంట్లోనే ఉంది. అటువంటి భాషలో పుట్టిన పిల్ల, చెడిపోవడానికీ పోవడానికీ మధ్య ఒక మెట్టు ఉంటుందని తెలియకుండా పెరుగుతోందే అనిపించింది. తప్పు దానిది కాదు. ఆ మెట్టు మీద నన్ను అది ఎన్నడూ చూడలేదు.

ఆ రోజు మహర్నవమి. మా బాపు ఏటా చేసినట్లే తన పనిముట్ల పెట్టె తీసి, పానాలూ, సుత్తీ, ఆకురాయీ, కొలతబద్దా కడిగి తుడిచి, బొట్లు పెట్టి వరుసగా పేర్చాడు. ఉద్యోగం మానేసి ఎన్ని ఏళ్ళయినా ఆయుధపూజ మాత్రం మానలేదు. పిల్ల ముఖం చూసి సంగతేమిటని అడిగాడు. విని, నా వైపు తిరిగి ఒకే ప్రశ్న వేశాడు.

“ఇప్పి సూసినవా?”

చూడలేదు. హారతి అయిన తరువాత పూజలోని పేచ్‌కస్‌లలో అన్నిటికన్నా చిన్నది తీసుకుని కూర్చున్నాము. అది ఆ మరమేకు తలలో దిగలేదు. ఇంకొకటి పెట్టి చూశాము. దిగలేదు. బాపు కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. ఆ మేకు తల మీద ఉన్నది అడ్డగీత కాదు, కూడిక గుర్తూ కాదు. ఫ్యాను రెక్కల వంటి మూడు చీలికలు.

“గిదేం పేచురా? నేనెన్నడు సూడలే.”

“మనం ఇప్పద్దని పెట్టిన పేచు బాపూ.”

“దీనికి పైసలెవలు కట్టిన్రు?”

“మనమే కట్టినం.”

“మరి గా పేచు ఎవలిది?”

ఈ టపా మొత్తం ఆ ప్రశ్నకు జవాబు వెదుక్కోవడమే. పేచు అన్నా పేచీ అన్నా మెలిక అనే అర్థమున్న ఒకే ఫారసీ మాటకు పుట్టిన పిల్లలు. ఇక్కడ పేచు గురించి కొంతా, పేచీ గురించి కొంతా చెప్పుకుంటాను.

*

1995 నాటి మాట. అప్పుడు మేము బోధనులో, చక్కెర కార్ఖానా కాలనీ అయిన శక్కర్‌నగర్‌లో ఉండేవాళ్ళం. బాపు కార్ఖానా వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ ఎండాకాలం మా మేనమామ దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. నిజామాబాదు జిల్లా వాళ్ళకు దుబాయి అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఆర్మూరు, బాల్కొండ, కామారెడ్డి వైపు గల్ఫుకు మనిషిని పంపని ఊరు అరుదు. మామ పెట్టెలో అందరి పెట్టెల్లో ఉండేవే ఉన్నాయి: సెంటు సీసాలు, దళసరి దుప్పటి, టార్చిలైటు. అడుగున నాకోసం ఒక వీడియో గేము.

దాని పైన ఏదో పేరు ఉండేది. లోపల ఉన్నది మాత్రం 1983 జులైలో జపానులో నింటెండో కంపెనీ విడుదల చేసిన ఫ్యామిలీ కంప్యూటరుకు నకలు అని చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. మన దేశంలో సమురాయ్, మీడియా వంటి పేర్లతో దొరికినవీ ఆ వంశానివే. అరవై కాళ్ళ క్యాసెట్టు పైనుంచి గుచ్చాలి. టీవీ వెనుక యాంటెనా తీగ తీసి దీని తీగ పెట్టాలి, ఛానెలు తిప్పుకోవాలి. ఆ అసలు యంత్రపు పని జ్ఞాపకం రెండే కిలోబైట్లు. యూనికోడులో తెలుగు అక్షరానికి మూడు బైట్ల లెక్కన చూస్తే అందులో ఏడు వందల అక్షరాలు కూడా పట్టవు. ఆ కాస్త చోటులోనే మారియో దూకేవాడు, కాంట్రాలో ఇద్దరం కలిసి తుపాకులు పేల్చేవాళ్ళం. ఇప్పుడు నా ఉత్తరం ముక్క పట్టని చోటు అది.

అయితే దాని అడాప్టరుకు దుబాయి గోడలకు సరిపోయే మూడు పలక కాళ్ళున్నాయి. మన గోడలకు గుండ్రటి రంధ్రాలు. నిజామాబాదు నుంచి మార్చే పిన్ను తెస్తానని మామ వెళ్ళాడు. సాయంత్రం దాకా ఆగడం నావల్ల కాలేదు. ఇంట్లో ఉన్న టేపురికార్డరు అడాప్టరు చూశాను. దాని మీదా తొమ్మిది వోల్టులనే ఉంది, దీని మీదా తొమ్మిదే. పుల్ల కూడా సరిగ్గా పట్టింది. అడాప్టరు మీద ఇంకొక చిన్న బొమ్మ కూడా ఉంటుంది: ఒక చుక్క, దాని చుట్టూ అరచందమామ, చెరొక వైపు కూడికా తీసివేతా గుర్తులు. ఒకదానిలో నడిమి చుక్క ధనం, ఇంకొకదానిలో ఋణం. ఆ బొమ్మ అలంకారానికి కాదని ఆ రోజే తెలుసుకున్నాను. మీట నొక్కగానే టీవీలో ఏమీ రాలేదు. కాలిన వాసన మాత్రం వచ్చింది.

బాపు డ్యూటీ దిగి వచ్చేదాకా నేను బావి పక్కన కూర్చున్నాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. “ఏం జేసినవో మొదటికెల్లి వరుసగ చెప్పు” అన్నాడు. చెప్పాను. ఒకచోట ఆపి మళ్ళీ చెప్పమన్నాడు. అడాప్టరు మార్చిన సంగతి దగ్గర తల ఊపాడు. చెడిపోయిన యంత్రం ముందు మొదట చేయవలసిన పని విప్పడం కాదు, అడగడం. ఇది తరువాత నేను ఏ కళాశాలలోనూ ఇంత స్పష్టంగా నేర్చుకోలేదు.

అప్పుడు విప్పాడు. ఆరు మామూలు పేచులు. మూత ఊడి వచ్చింది. లోపల ఒక పచ్చటి అట్ట, దాని నడుమ తారు కారినట్లు ఒక నల్లటి బొట్టు, ఒక మూలన మూడు కాళ్ళు, వెనుక రేకు పలక ఉన్న చిన్న ముక్క. ఆ రేకు దగ్గర ప్లాస్టిక్కు కమిలింది. “ఇది నా పని కాదు. నాకు తెల్వని దాన్ని నేను ముట్ట” అన్నాడు బాపు. మరునాడు బోధను బజారులో రేడియోలూ టీవీలూ బాగుచేసే చాచా దుకాణానికి తీసుకువెళ్ళాడు.

చాచా మీటరు ముల్లు పెట్టి చూశాడు. ఒక కాలి దగ్గర తొమ్మిది వోల్టులు వస్తున్నాయి, ఇంకొక కాలి దగ్గర సున్నా. “యే అకేలా మరా. బాకీ సబ్ జిందా హై” అన్నాడు. అప్పుడు నాకు పాఠం చెప్పాడు. ఆ ముక్క పేరు 7805. డెబ్బై ఎనిమిది వంశం పేరు, సున్నా అయిదు అంటే అయిదు వోల్టులు. తొమ్మిది లోపలికి తీసుకుని అయిదు బయటికి ఇస్తుంది, మిగిలిన నాలుగూ వేడిగా పోతుంది, అందుకే వెనుక ఆ రేకు. నేను కరెంటును తిరగేసి ఎక్కించినప్పుడు దెబ్బ ముందు తిన్నది ఇదే. అదృష్టం బాగుండి వెనుక ఉన్నవి బతికాయి. పది రూపాయలైనా చేయని ముక్క. దాన్ని మార్చి చాచా అక్కడితో ఆగలేదు. కరెంటు వచ్చే దారిలో ఒక డయోడు కూడా అతికాడు. ఇది ఒకవైపే పోనిస్తుంది, ఈసారి పిల్లవాడు తిరగేసి పెట్టినా ఏమీ కాదు, పిల్లలున్న ఇంటి సామాను కదా అన్నాడు.

మిత్రులారా, నా వాదమంతా ఆ డయోడులో ఉంది. దుబాయి దుకాణంలో కొన్నప్పుడు ఉన్నదాని కన్నా, బోధను బజారులో బాగుచేయించిన తరువాత ఆ యంత్రం మెరుగైనది. తయారుచేసినవాడికి మా ఇల్లు తెలియదు. బాగుచేసినవాడికి తెలుసు.

*

ఆ నల్లటి బొట్టు గురించి కూడా చాచా చెప్పాడు. దాని కింద యంత్రం మెదడంతా ఒకే చిప్పుగా ఉంది, పైన జిగురు పోశారు, అది పోతే మాత్రం ఖేల్ ఖతం అని. ఆ బొట్టు రహస్యం కోసం పోసినది కాదు, చవక కోసం. ఈ తేడా గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఆ తరువాత ఆ యంత్రం ఏడేళ్ళు నడిచింది. ఎన్నిసార్లు విప్పామో లెక్క లేదు. మీట కింద ఉండే నల్ల రబ్బరు అరిగిపోతే సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చిన్నగా కత్తిరించి అతికించాము. మీలోనూ చాలామంది చేసి ఉంటారు, గేముకు కాకపోతే టీవీ రిమోటుకు. క్యాసెట్టు పట్టకపోతే ఉఫ్ మని ఊదాము. ప్రపంచమంతటా పిల్లలు అదే పని చేశారట. నిజానికి ఊదడం వల్ల బాగయ్యేది తక్కువ, తీసి మళ్ళీ పెట్టడం వల్ల కాళ్ళు కొత్తచోట ఆనుకునేవి. నోటి తడికి ఆ రాగికాళ్ళు ఇంకా చిలుమెక్కేవి. నింటెండో వారే తమ క్యాసెట్లలో ఊదవద్దని చెప్పుకోవలసి వచ్చింది. బాపు మా ఊదుడు చూసి నవ్వి, గుడ్డకు కాస్త స్పిరిటు తడిపి తుడవడం నేర్పాడు. మంత్రానికీ మరమ్మతుకూ అంతే భేదం. రెండూ ఒక్కొక్కసారి పనిచేస్తాయి. ఎందుకు పనిచేసిందో చెప్పగలిగేది ఒకటే.

ఈ మంత్రాలు పల్లెల్లోనే ఉంటాయనుకోకండి. మైక్రోసాఫ్టు వారి ఎక్స్‌బాక్సు 360 యంత్రాలు మూడు ఎర్ర దీపాలు వెలిగించి ఆగిపోతుంటే, 2007లో ఆ కంపెనీ గ్యారంటీని మూడేళ్ళకు పొడిగించి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు రాసుకోవలసి వచ్చింది. ఆ రోజుల్లో అమెరికాలో చదువుకున్న పిల్లలు ఆ యంత్రానికి తువ్వాలు చుట్టి, వేడెక్కించి, కాసేపు బతికించుకునేవారు. వేడికీ చలికీ మారి మారి చిప్పు లోపలి అతుకులే తెగిపోయాయన్నది అసలు కారణమని కంపెనీ 2021లో తన చరిత్ర మీద తీసిన చిత్రంలో చెప్పుకుంది. వేడి వల్ల వచ్చిన జబ్బుకు వేడి మందు! మా ఉఫ్ మంత్రం దీనికన్నా నయం.

*

బాపుకు ఈ తీరు ఎక్కడ అబ్బిందో చెప్పాలంటే కార్ఖానా సంగతి చెప్పాలి. మంజీరా మీద నిజాంసాగరు 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువ నీళ్ళు వచ్చాక చెరకు వచ్చింది, చెరకు వెనుక 1930ల చివర బోధనులో నిజాం చక్కెర కార్ఖానా వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కార్ఖానాలలో ఒకటిగా దానికి పేరు. బయటివారికి తెలిసింది ఆ కార్ఖానా పనిలో సగమే. చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా చెరకు గానుగాడుతుంది. ఊరంతా బండ్లూ, ట్రాక్టర్లూ, మడ్డి వాసనా. ఆ తరువాత చిమ్నీ పొగ ఆగిపోతుంది. కార్ఖానా నిద్రపోయిందని దారినపోయేవారు అనుకుంటారు. వర్క్‌షాపు అప్పుడే నిద్రలేస్తుంది. గానుగ రోలర్ల పళ్ళు అరిగిపోయి ఉంటాయి, వాటిని లేతు మీద మళ్ళీ తీర్చాలి. రసం కాచే గొట్టాలలో పొలుసు కట్టి ఉంటుంది, అది గీకాలి. బాయిలరు గొట్టాలు చూడాలి, బేరింగులు మార్చాలి, పంపులు విప్పాలి. ఒక్కొక్క బోల్టూ ఊడదీసి, తుడిచి, కొలిచి, మళ్ళీ బిగించాలి.

“సీజన్ల మేం చక్కెర చేస్తం, అన్‌సీజన్ల కార్ఖానను చేస్తం” అనేవాడు బాపు.

ఏటా సగం రోజులు యంత్రాన్ని నడపడానికీ, సగం రోజులు దానిని బాగుచేయడానికీ కేటాయించిన ఊరు మాది. అందులో చిన్నతనమేమీ లేదు. చెడిపోవడం ప్రమాదం కాదు, పంచాంగంలో ఒక ఋతువు. అటువంటి ఊళ్ళో ఒక ఫిట్టరు, కొడుకు కాల్చిన వీడియో గేము చూసి కోప్పడకపోవడంలో ఆశ్చర్యమేముంది? ఆయనకు అది చిన్న అన్‌సీజను.

ఆ కార్ఖానా 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళింది. 2015 డిసెంబరులో మూతపడింది. తెరిపించే దారి చూడడానికి 2024లో ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. మూతకు కారణాలు డబ్బువీ రాజకీయాలవీ. ఆ పేచీలోకి ఇప్పుడు పోను, దాని మీద నాకన్నా తెలిసినవారు చాలామంది రాశారు. నేను చెప్పదలచినది ఒక్కటే. ఒక అన్‌సీజను తప్పితే యంత్రం ఓర్చుకుంటుంది. వరుసగా తప్పితే ఓర్చుకోదు. దానితోపాటు విప్పడం తెలిసిన చేతులు కూడా తుప్పుపడతాయి. రోలరు పళ్ళు ఎలా తీర్చాలో తెలిసినవాడు కొడుకుకు నేర్పడానికి ఎదుట రోలరు ఉండాలి కదా. నిజామాబాదులో మా ఇంటి అరుగు మీద సాయంత్రాలు కూర్చునే బాపు స్నేహితుల చేతుల్లో అంత విద్య ఉంది. దాన్ని పుచ్చుకునేవారెవరూ లేరు.

*

ఇక పేచీ సంగతి. మన చిన్ననాటి యంత్రం మీది నల్లబొట్టు చవక కోసం పోసినదన్నాను. ఇప్పటి మూడు రెక్కల పేచు చవక కోసం పెట్టింది కాదు. మామూలు పేచు దీనికన్నా చవక. ఇది కేవలం నువ్వు రావద్దని చెప్పే పేచు. అంతకన్నా లోతైన తాళాలు కూడా ఉన్నాయి. ఇప్పటి పెద్ద గేము యంత్రాలలో డిస్కు తిప్పే భాగాన్ని ప్రధాన అట్టతో రహస్యపు తాళంచెవితో ముడిపెడతారు. అచ్చం అటువంటి భాగమే ఇంకొక యంత్రంలోంచి తీసి పెట్టినా అది గుర్తుపట్టదు. పేచ్‌కస్ లోపలికి పోయినా ప్రయోజనం ఉండదు.

ఈ మాట మన అరుగుల మీదే కాదు, చట్టసభల్లోనూ నడుస్తోంది. అమెరికా వాణిజ్య సంఘం 2021 మేలో తన దేశపు కాంగ్రెసుకు ఒక నివేదిక ఇచ్చింది. మరమ్మతుకు అడ్డుపడుతూ తయారీదారులు చెప్పే కారణాలకు పెద్దగా ఆధారాలు లేవని అందులో తేల్చింది. అదే ఏడు అక్టోబరులో అక్కడి కాపీహక్కుల నియమాలలో గేము యంత్రాల మరమ్మతుకు ఒక సందు ఇచ్చారు. ఎంత సందనుకున్నారు? డిస్కు తిప్పే భాగం బాగుచేసుకోవడానికి మాత్రమే! 2023లో మిన్నెసోటా, కాలిఫోర్నియా రాష్ట్రాలు మరమ్మతు హక్కు చట్టాలు చేశాయి. రెండింటిలోనూ వీడియో గేము యంత్రాలను పేరు పెట్టి మినహాయించారు. అంటే ఫోను బాగుచేసుకోవడానికి హక్కుంది, పిల్లవాడి ఆటవస్తువుకు లేదు.

మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో ఈ విషయం మీద ఒక కమిటీ వేసి, ఆ డిసెంబరులో ఒక పోర్టలు తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళు, గృహోపకరణాలు, వాహనాలు అన్న నాలుగు రంగాలతో మొదలుపెట్టారు. మంచిదే. కాని పోర్టలు సమాచారం ఇస్తుంది, ఆజ్ఞ ఇవ్వదు. మన ఊళ్ళలో వస్తువులు బాగవుతున్నవి చట్టం ఉండడం వల్ల కాదు, చాచాలు ఉండడం వల్ల. చాచాలు ఉన్నంతకాలం చట్టం అక్కరలేదనుకున్నాము. చాచా చేతిలోని పేచ్‌కస్ పట్టని రోజు వచ్చాక చట్టం కోసం వెదుకుతున్నాము.

అవతలి పక్షం మాట కూడా న్యాయంగా వినాలి. గేము కంపెనీల భయం దొంగ ప్రతుల గురించి. అది ఉత్తి సాకు కాదు. మా బోధను యంత్రమే నకలు, అందులోని “తొంభైతొమ్మిది లక్షల గేములు” అని రాసి ఉన్న క్యాసెట్టు నకళ్ళ గుట్ట. ఆ సంగతి దాచిపెట్టి నేను నీతులు చెప్పడం బాగుండదు. విప్పడం తెలిసినవాడికి తాళం తీయడం కూడా తెలుస్తుంది. నిజమే. కాని అరిగిన జాయ్‌స్టిక్కుకూ, ఆగిన ఫ్యానుకూ, చచ్చిన 7805కూ దొంగతనంతో సంబంధమేమిటి? వంటింటి తాళం పోగొట్టుకున్నవాడిని బ్యాంకు దొంగ అనుకోవడం ఎంతవరకు సబబు?

రెండో మాట ప్రమాదం గురించి. ఇది నేను పూర్తిగా ఒప్పుకుంటాను. పాత టీవీ గొట్టం దగ్గర ఇరవై వేల వోల్టులకు పైగా ఉంటాయి, ప్లగ్గు పీకినా కొంతసేపు కాటు వేస్తాయి. గోడ కరెంటు నేరుగా వెళ్ళే పెట్టెలూ అంతే. ఇప్పటి బ్యాటరీలను పొడిస్తే మంటలు లేస్తాయి. అందుకే బాపు ఆనాడు అన్నమాట, తెలియనిదాన్ని ముట్టననడం, విప్పడంలో సగం విద్య. అయితే ప్రమాదం ఎక్కడుందో రాసిపెట్టడం ఒక పద్ధతి, మొత్తానికి తలుపు వేసేయడం ఇంకొక పద్ధతి. కంపెనీలు మొదటిది చేస్తే ఎవరికీ పేచీ లేదు.

మూడో మాట మనలోంచే వస్తుంది. ఇంత శ్రమ ఎందుకు, మన గంట విలువెంత, కొత్తది కొంటే పోలేదా అని. ఐటీ ఉద్యోగం చేసే నేను కూడా ఈ లెక్క చాలాసార్లు వేసుకున్నాను. ఆ లెక్కలో ఒక అంకె ఎప్పుడూ తక్కువ పడుతుంది. పక్కన కూర్చుని చూసే పిల్ల ఏం నేర్చుకుందో దానికి గడి లేదు. ఆ 1995 సాయంత్రం బాపు “పోతే పోనీ, మామ ఇంకొకటి తెస్తాడు” అని ఉంటే నేను ఏ పని చేస్తూ ఉండేవాడినో నాకు తెలియదు. ఇప్పుడు చేస్తున్న పని మాత్రం చేస్తూ ఉండేవాడిని కాదు.

*

మరునాడు నిజామాబాదు బజారులో మొబైళ్ళు బాగుచేసే ఒక కుర్రవాడిని అడిగాను. వాడి దగ్గర గుడ్డచుట్టలో ఇరవై రకాల పేచ్‌కస్‌లు ఉన్నాయి, మూడు రెక్కలది కూడా. సాయంత్రానికి తెచ్చివ్వండి అని ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. జాయ్‌స్టిక్కు ముక్క కూడా వాడి దగ్గరే దొరికింది. కొత్త యంత్రం మాట అటుంచి, కొత్త చేతిపట్టు ధరలో పదో వంతు కూడా లేదు. చాచాలు పోలేదన్నమాట. పేరు మారి, వయసు తగ్గి, వేరే బజారులో కూర్చున్నారు.

బాపు చేతులు ఇప్పుడు కొంచెం వణుకుతాయి. అందుకని విప్పింది మా అమ్మాయి. ఆయన పక్కన కూర్చుని చెప్పాడు. ఒక తెల్ల కాగితం మీద యంత్రం బొమ్మ గీయించి, ఏ పేచు ఏ చోటు నుంచి తీస్తే కాగితం మీద ఆ చోటే పెట్టించాడు. పొట్టి పేచు చోట పొడుగుది బిగిస్తే అట్టను చీల్చుకుపోతుందట. కార్ఖానాలో పంపు విప్పినా ఇదే పద్ధతి, కాగితం చోట గోనెపట్టా పరిచేవారట. ముందు బ్యాటరీ తీగ పీకించాడు. పాత జాయ్‌స్టిక్కు విప్పి చూస్తే లోపల నల్లటి కర్బనపు గీత, దాని మీద నడిచీ నడిచీ ముల్లు చేసిన దారి. “చూడు, బాట పడ్డది” అన్నాడు. వేలు ఎక్కడ ఉందో యంత్రం కొలిచేది ఆ గీత మీదే. గీత అరిగితే లెక్క తప్పుతుంది, బొమ్మ లోయలో పడుతుంది. దయ్యం కాదు, అరుగుదల. అది చూశాక పిల్ల ముఖంలో కోపం పోయింది.

కొత్త ముక్క పెట్టి మూత బిగించాము. జాయ్‌స్టిక్కు బాగుంది, పక్క మీట ఒకటి పలకడం మానేసింది. నా గుండె జారింది. అమ్మాయి నా వైపు చూసింది, తాత వైపు చూసింది. ఆయన కాగితం మళ్ళీ పరిచాడు. పట్టీ వంటి సన్నటి తీగ ఒకటి గూటిలో సరిగ్గా కూర్చోలేదు. దానిని గోటితో సర్దింది. ఈసారి విప్పేటప్పుడు దాని చేయి వణకలేదు. ఒక వస్తువు మనదయ్యేది కొన్నప్పుడు కాదనీ, రెండోసారి ధైర్యంగా విప్పినప్పుడనీ నాకు అనిపిస్తోంది.

అంతా పలికాక అమ్మాయికి హుషారు వచ్చి, “తాతా, కుడి పక్కది కూడా విప్పి చూద్దామా?” అంది.

“నడిచేదాన్ని ముట్టద్దు బిడ్డా. దాని అన్‌సీజన్ వచ్చినప్పుడు ఇప్పుదాం” అన్నాడు బాపు.

పేచ్‌కస్ కుర్రవాడికి తిరిగి ఇచ్చి, అటువంటిదే ఒకటి కొని బాపు పెట్టెలో వేసి వచ్చాను. వచ్చే మహర్నవమికి పానాల పక్కన దానికీ బొట్టు పెడతానని ఫోనులో చెప్పాడు. మూడు రెక్కల పేచు ఎవలిది అన్న ఆయన ప్రశ్నకు చట్టం ఏమి జవాబిస్తుందో చూడాలి. మా ఇంట్లో మాత్రం జవాబు దొరికింది.

మీ ఇళ్ళలో అటక మీద, బీరువా అడుగున “పోయింది” అని పెట్టినవి ఏమున్నాయో ఒకసారి చూడండి. అందులో కొన్ని నిజంగానే పోయి ఉంటాయి. విప్పి చూశాక ఏమి దొరికిందో నాకూ చెప్పండి.